మునిరత్నం ఉంగరం వేలు

తెల్లారేసరికి వెనక వీధిలోంచి మునిరత్నం నాదస్వరం వినబడాలి. అది విన్నాకే చెంగల్రాయుడు చాప చుట్టేవాడు. ఇప్పుడది వినబడటం లేదు. మెలకువ మాత్రం ఆ వేళకే వస్తోంది. లేచి కూర్చుని చెవులు ఆ వీధికి అప్పగిస్తాడు. ఆ పాట కోసం ప్రాణం కొట్టుకుంటోంది పాపం.

చెంగల్రాయుడు ఎముకలు కట్టే కొండప్ప దగ్గర శిష్యుడు. కొండప్ప నేర్పిన మొదటి పాఠం ఇది: విరిగిన చెయ్యి ముట్టుకునే ముందు మంచి చెయ్యి తడిమి చూడాలి. ఎవరి ఎముక తీరు వాళ్ళది. ఆ తీరు ఏమిటో ఆ మనిషి రెండో చెయ్యే చెబుతుంది.

మునిరత్నం టెంపో దిగుతూ పడి, ఉంగరం వేలు విరగ్గొట్టుకుని వచ్చిన రోజు సంత. వాకిలి నిండా జనం. కొండప్ప ఊళ్ళో లేడు. 'ఎన్ని కాళ్ళు కట్టలేదు, ఎన్ని చేతులు కట్టలేదు, వేలెంత!' అనుకున్నాడు మనవాడు. చెయ్యి తిరిగిందనుకునే వయసు మరి, ఏం చెబుతాం! మంచి చెయ్యి వంక చూడనైనా చూడకుండా పసరు పూసి, వెదురు బద్ద పెట్టి కట్టేశాడు.

కట్టు విప్పితే వేలు ఓరగా అతుక్కుని ఉంది. నాదస్వరం బెజ్జం మీద అది ఆనదు. ఊదిన గాలంతా పక్కనుంచి పోతుంది.

"నీ తప్పేం లేదులే నాయినా," అన్నాడు మునిరత్నం. "కట్టు మీద ఉండగా పథ్యం తప్పాను. చేపల పులుసు తిన్నాను." పోతూ పోతూ దండం కూడా పెట్టిపోయాడు. ఆ దండం చెంగల్రాయుణ్ణి నిద్రపోనివ్వలేదు.

చివరికి ఉండబట్టలేక కొండప్ప ముందు బయటపడ్డాడు. కొండప్ప తిట్టలేదు.

"ఎముక ఇంకా లేతగానే ఉంటుంది. మళ్ళీ విరిచి కట్టొచ్చు. ఆలస్యమైతే గట్టిపడిపోతుంది. పోయి ఉన్నది చెప్పు."

"అయ్యా, ఎముక జరిగిందని చెప్పి పిలిపిద్దాం. మీరు సరిచేస్తారు. వేలు బాగైతే చాలదా? నా తప్పని తెలిస్తే ఇంక మన గడప ఎవరు తొక్కుతారు?"

కొండప్ప చెయ్యి చాపాడు.

"చెయ్యి ఇటివ్వు."

ఇచ్చాడు. కొండప్ప అతని ఉంగరం వేలు పట్టుకుని మెల్లగా వెనక్కి వంచసాగాడు.

"ఏం చేస్తున్నారయ్యా?"

"ఏం లేదు. కొంచెం జరిగింది."

ఇంకా వంచాడు.

"అయ్యో, చెప్పి చెయ్యండయ్యా! నా వేలది!"

కొండప్ప వదిలేశాడు. రోలు ముందు కూర్చుని పసరాకు నూరుకోవడం మొదలుపెట్టాడు. చెంగల్రాయుడు వేలు ఊదుకుంటూ కాసేపు అక్కడే నిలబడ్డాడు. తర్వాత కండువా భుజాన వేసుకుని వెనక వీధికి నడిచాడు.

మునిరత్నం అరుగు మీద కూర్చుని నాదస్వరాన్ని గుడ్డతో తుడుస్తున్నాడు. చెంగల్రాయుడు కూర్చోలేదు.

"మామా, తప్పు నాది. మంచి చెయ్యి చూడకుండా కట్టాను. అందుకే వేలు ఓరగా కూర్చుంది. పథ్యానికీ దీనికీ సంబంధం లేదు. గట్టిపడకముందే మళ్ళీ విరిచి కట్టాలి. నొప్పి పుడుతుంది. కట్టినా పూర్తిగా బాగవుతుందని చెప్పలేను."

మునిరత్నం మొహం ఎర్రబడింది.

"తెలిసీ ఇన్నాళ్ళు నోరు మెదపలేదా? నేను నీకు దండం పెట్టానే!"

కొట్టడానికే లేచాడు. లేచినవాడు ఏమనుకున్నాడో, గిర్రున లోపలికి తిరిగాడు.

"దేశమ్మా! నీ పులుసు వల్ల కాదంట. విన్నావా!"

వంటింట్లో గిన్నె జారి పడింది. అతని పెళ్ళాం దేశమ్మ వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది.

"ఆ పాటను నా చేతులతోనే చంపుకున్నానని కుమిలిపోతున్నానయ్యా," అని బావురుమంది.

ఆ పూటే ముగ్గురూ కొండప్ప వాకిట్లోకి వచ్చారు. "నువ్వే కట్టాలి కొండప్పా. వీడు నా చెయ్యి ముట్టుకోకూడదు," అన్నాడు మునిరత్నం.

"సరే మామా," అని దూరంగా కూర్చుని కట్టుకు పూసే కోడిగుడ్డు సొన గిలక్కొట్టాడు చెంగల్రాయుడు. కొండప్ప ముందు మంచి చెయ్యి అందుకుని, ఉంగరం వేలు కణుపు కణుపూ తడుముతూ చాలాసేపు ఉండిపోయాడు. ఆ తర్వాత మునిరత్నం పెట్టిన కేక వీధి చివరిదాకా వినబడింది.

ముడి వేస్తూ కొండప్ప అన్నాడు. "పథ్యమేం లేదు. చేపలు తిను."

మర్నాడు తెల్లవారుజామున చెంగల్రాయుడికి అదే వేళకి మెలకువ వచ్చింది. వేలు కట్టులో ఉంటే పాట ఎక్కణ్ణుంచి వస్తుంది? అయినా చెవి ఒగ్గి కూర్చున్నాడు.

"మళ్ళీ పలుకుతుందా అయ్యా?"

"తెలీదు," అన్నాడు పక్క చాప మీంచి కొండప్ప.

ఎండెక్కాక వెనక వీధిలోంచి, ఇన్నాళ్ళకి మళ్ళీ, దేశమ్మ చేపల పులుసు వాసన గుప్పున వచ్చింది. ఆకు నూరుతున్న కొండప్ప చెయ్యి ఆగింది.

"విన్నావా?" అన్నాడు.

చెంగల్రాయుడు కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు.