దాలినాయుడి పెట్రోలు

నర్సీపట్నంలో సన్యాసిరావు అనే టాక్సీ డ్రైవరు ఉండేవాడు. చేయి తిరిగినవాడే గానీ, ఏది చెడినా ముందు ఎదుటివాడి మీదే నెపం పెట్టేవాడు.

అవి ఊళ్ళో కార్లను వేళ్ళ మీద లెక్కపెట్టే రోజులు. సన్యాసిరావు పాత కారు హారను వినపడితే చాలు, ఎవరింటికి చుట్టాలొచ్చారో చూద్దామని వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చేది. అతను పెట్రోలు పోయించుకునేది దాలినాయుడి బంకులో. ఇద్దరూ ఒకే బడిలో చదువుకున్నారు. అప్పట్లో చేత్తో తిప్పే పంపు. ఒకడు పంపు తిప్పుతూ, ఇంకొకడు కారుకి ఆనుకుని కబుర్లలో పడితే, వెనక ఆగిన కాఫీ తోటల జీపుల వాళ్ళు కూడా నవ్వుతూ వినేవారే గానీ తొందరపెట్టేవారు కాదు.

ఆ ఏడు చలికాలంలో కారుకి ఒక జబ్బు పట్టుకుంది. చింతపల్లి కొండల ఘాటు రోడ్డు ఎక్కుతూ ఎక్కుతూ కుదుపులిచ్చి ఆగిపోయేది. కాసేపు వదిలేస్తే మళ్ళీ స్టార్టయ్యేది. కొంత దూరం పోయి మళ్ళీ మొరాయించేది. సన్యాసిరావు కార్బురేటరు విప్పి కడిగాడు. ఫిల్టరు మార్చాడు. గుణం కనిపించలేదు.

"ఇంకేముంది, దాలినాయుడి పెట్రోల్లో నీళ్ళు కలుస్తున్నాయి!" అన్నాడు సంతరోజున టీకొట్టు దగ్గర, పదిమందీ వినేలా.

సాయంత్రం దాలినాయుడు వెతుక్కుంటూ వచ్చాడు.

"ఒరే సన్యాసీ, ఆ మాట నిజంగా నువ్వే అన్నావా?"

"అన్నాను. నా కారు అబద్ధం చెబుతుందా?"

దాలినాయుడు గిరుక్కున వెనుదిరిగాడు. వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

మాట ఊరంతా పాకింది. కాఫీ తోటల జీపులు తుని రోడ్డులోని బంకుకి మళ్ళాయి. సన్యాసిరావూ అక్కడే పోయించుకుని, భార్య నూకరత్నాన్ని ఎక్కించుకుని చింతపల్లి బయల్దేరాడు. ఘాటు మొదట్లో కారు గుర్రంలా పరిగెత్తింది.

"చూశావా! మంచి పెట్రోలు పడితే ఎలా పోతోందో" అన్నాడు. కాస్త దూరం పోగానే కారు కుదిపి ఆగిపోయింది.

"ఇది దాలినాయుడన్నయ్య పోసిన పెట్రోలు కాదు కదా" అంది నూకరత్నం నెమ్మదిగా.

సన్యాసిరావు ముఖం మాడిపోయింది. ఈసారి ఎవరి మీదా నెపం పెట్టకుండా, దిగి బానెట్టు ఎత్తాడు. ఇంజనుకి పెట్రోలు లాగే పంపు దగ్గర పైపు ఊడదీసి చూస్తే, పెట్రోలు చుక్క చుక్కగా వస్తోంది. ట్యాంకులో ఎంతుందో చూద్దామని వెనక్కి వెళ్ళి మూత తిప్పాడు. ట్యాంకు బుస్సుమని గాలి లోపలికి పీల్చుకుంది. మళ్ళీ పంపు కొట్టి చూస్తే పెట్రోలు ధారగా వచ్చింది!

మూత తిరగేసి చూశాడు. పెట్రోలు తగ్గేకొద్దీ ట్యాంకులోకి గాలి వెళ్ళడానికి ఆ మూతకి సన్నని బెజ్జం ఉంటుంది. దసరాకి కారుకి రంగు వేస్తూ, ముచ్చటపడి ఆ మూతకీ తనే దట్టంగా పూత పూశాడు. బెజ్జం పూడిపోయింది. మూత తీసి పెట్రోలు పోయించినప్పుడల్లా, కారు కాసేపు ఆగినప్పుడల్లా కాస్త గాలి దూరి, కారు కాస్త దూరం నడిచేది. అంతే.

నూకరత్నం ఇచ్చిన పిన్నీసుతో బెజ్జం పొడిచాడు. కారు ఆగకుండా కొండ ఎక్కింది. 

మళ్ళీ సంతరోజున అదే టీకొట్టు దగ్గర నిలబడి, "దాలినాయుడి పెట్రోల్లో ఏ దోషమూ లేదు. తప్పు నాది!" అని గట్టిగా చెప్పాడు. కొందరు విన్నారు. కొందరు టీ తాగి తమ దారిన వెళ్ళిపోయారు. అక్కణ్ణించి తిన్నగా బంకుకి వెళ్ళాడు.

"నన్ను క్షమించరా" అన్నాడు.

దాలినాయుడు పంపు పిడి వదిలి అతని వైపు తిరిగాడు.

"నువ్వు అనుమానపడ్డందుకు కాదురా" అన్నాడు. "నన్నొక్క మాట అడగకుండా ఊరికి చెప్పావే, అందుకు ఏడుపొచ్చింది."

స్నేహితులిద్దరూ మళ్ళీ కలిశారు. కానీ తుని రోడ్డుకి మళ్ళిన జీపులన్నీ తిరిగి రాలేదు. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా సన్యాసిరావు తలదించుకునేవాడు.

ఎదుటివారి మీద నింద వేసేముందు మన చేతి పనిని మనం పరీక్షించుకోవాలి. నింద వేయడానికి ఒక్క మాట చాలు, దాన్ని పూర్తిగా తుడిచివేయడం ఎవరి తరమూ కాదు.