ఆరు వందల బారల వీధి

ఒకానొక రాజ్యంలో ఏనుగు దిగడం ఇష్టంలేని రాజు ఒకడుండేవాడు. ఆయన పేరు ఉద్దండరాయలు. పేరుకు తగ్గ మనిషే. పడకగది నుంచి సింహాసనం దాకా తప్ప ఆయన కాళ్ళు మరెక్కడికీ వెళ్ళి ఎరుగవు.

ఆయన నగరానికి తూర్పున ఒక కొత్తపేట కట్టించాడు. దాని నడుమ నాలుగేనుగులు పక్కపక్కన పోగలిగిన రాజబాట వేయించాడు. అటూ ఇటూ నిలువెత్తు గోడలు, ఎక్కడో ఒకచోట ఒక వాకిలి. అంబారీకి కొమ్మలు తగులుతాయని చెట్లన్నీ కొట్టించాడు. అంతా బాగానే ఉంది కాని, ఆ బాట మీద నడిచే మనిషి మాత్రం కనబడేవాడు కాడు. కొత్తపేటలో కాపురం పెట్టినవాళ్ళు కూడా పొద్దుపోక సాలెవీధికే వచ్చేవారు.

సాలెవీధి సంగతి వేరు. పొద్దున్నే మగ్గానికెక్కే నిలువుపోగులను, అంటే పడుగులను, వీధి పొడుగునా సాగదీసి గంజి పెట్టడం అక్కడి నేతగాళ్ళ ఆచారం. ఎండ ముదిరితే పోగు పెళుసెక్కి తెగుతుందని ప్రతి తరంవాళ్ళూ కానుగ చెట్లు నాటుకుంటూ వచ్చారు. ఇంటింటికీ వీధివైపు అరుగు. ఒక అరుగు మీద కూరలమ్మేవారు, ఇంకో అరుగు మీద పులిజూదం ఆడేవారు, మరో అరుగు మీద ఊరికే కూర్చునేవారు. ఆ వీధిలో పుట్టినవాణ్ణి కనుక ఎక్కువ చేసి చెబుతున్నానని మీరు అనుకోవచ్చు. అనుకోండి. నిజానికి తక్కువే చెబుతున్నాను.

ఒకనాటి పొద్దున పట్టపుటేనుగు సాలెవీధిలోకి తిరగబోయి, అడ్డంగా ఉన్న పడుగును చూసి ఆగిపోయింది. నేతగాళ్ళు పడుగు చుట్టేదాకా రాజుగారు అంబారీలో కూర్చుని వేచి ఉండవలసి వచ్చింది. ఆయనకు తల కొట్టేసినట్లయింది. పక్షం రోజుల్లో అరుగులు పడగొట్టి, చెట్లు కొట్టి, ఆ వీధిని కూడా రాజబాటలా చేయాలని ఆజ్ఞ వేశాడు.

వీధి మొదట్లో ఉన్నది మజ్జిగ అమ్ముకునే అచ్చమ్మ అరుగు. భర్త పోయాక ఆ అరుగే ఆవిడకు ఇంత అన్నం పెడుతోంది. ముందు పోయేది అదే. ఆవిడ బేతన్న దగ్గరకు వెళ్ళి కంటతడి పెట్టుకుంది. బేతన్న ఆ వీధి నేతగాడే, మాటనేర్పు వల్ల రాజుగారి కొలువులో చోటు సంపాదించినవాడు. అరుగు పోనివ్వనని ఆవిడకు మాట ఇచ్చాడు.

మర్నాడు కొలువులో లేచి నిలబడి, "ప్రభూ, మా వీధిని తప్పకుండా రాజబాటలా చేయండి. కాని ఒక చిక్కుంది. రాజబాట మా వీధికి రెండింతల పొడుగు. అంత పొడుగు మాకు ఎక్కడినుంచి తెస్తారు?" అన్నాడు.

రాజుగారు కొలతల అధికారిని పిలిపించాడు. ఆయన తాళ్ళతో కొలిచి, రెండూ సరిగ్గా ఆరు వందల బారలేనని చెప్పాడు. సభంతా నవ్వింది. బేతన్న మాత్రం తాడు పొరబడిందనీ, ప్రభువులు స్వయంగా నడిచి చూస్తే తెలుస్తుందనీ పట్టుబట్టాడు. తాను ఓడితే మొదటి గునపం తన ఇంటి మీదే పడాలి, గెలిస్తే అరుగులు ఉండాలి, అదీ పందెం.

"నేను నడవడమా?" అన్నాడు రాజు.

"ప్రభువులకు నడక చేతకాదని సభ అనుకుంటే సరే, మానేద్దాం" అన్నాడు బేతన్న.

ఆ మాట తగలవలసిన చోట తగిలింది. రాజు మర్నాడే రాజబాట మీద కాలు పెట్టాడు. పక్కనే బేతన్న, చేతిలో ఒక నూలుపోగు. వంద బారలు నడిచేసరికి రాజుకు ఎండ మాడు మీద కొట్టింది. నీడ లేదు, కూర్చునే చోటు లేదు, పలకరించే మనిషి లేడు. ఎంత నడిచినా అదే గోడ. "ఇంకెంత దూరం?" అని అడిగాడు. బేతన్న చెప్పి, పోగుకు ఒక ముడి వేశాడు. కొంతసేపటికి రాజు మళ్ళీ అడిగాడు. మళ్ళీ ముడి పడింది. నేతగాడి చేతులు ఊరుకోవు కదా అని ఎవరూ పట్టించుకోలేదు.

ఆ మర్నాడు అదే వేళకు సాలెవీధి, బేతన్న చేతిలో ఇంకో పోగు. అచ్చమ్మ అరుగు దగ్గరే రాజు మజ్జిగ తాగాడు. నాలుగడుగులు వేసి, ఒక మగ్గం దగ్గర ఎర్రంచు బాగుందా పచ్చంచు బాగుందా అని వాదం పెట్టుకున్నాడు. పులిజూదం దగ్గర వంగి చూసి, పులి ఎటు దూకాలో చెప్పి ఆటగాళ్ళతో చీవాట్లు తిన్నాడు. అలా నడుస్తూనే ఉండగా బేతన్న వెనకనుంచి, "ప్రభూ, వీధి దాటి యాభై బారలు వచ్చేశాం" అన్నాడు.

కొలువులో రాజు మీసం మెలేసి, "ఇప్పుడేమంటావు? రెండూ సమానమే కదా?" అన్నాడు.

బేతన్న రెండు పోగులు ముందు పెట్టాడు. ఒకదానికి పద్నాలుగు ముడులు, రెండోదానికి ఒక్కటీ లేదు.

"రాజబాట మీద తమరు పద్నాలుగుసార్లు ఇంకెంత దూరమని అడిగారు. మా వీధిలో ఒక్కసారైనా అడగలేదు, పైగా యాభై బారలు ఎక్కువే నడిచారు. రెండింతలన్నాను, తక్కువ చెప్పాను, క్షమించాలి. తాడుకు ఎండ తగలదు ప్రభూ. మా తాతలు ఆ వీధిని ఏనుగు కోసం వేయలేదు, నడిచే మనిషి కోసం వేశారు."

రాజు ముడులు ఒక్కొక్కటే తడిమి చూసుకున్నాడు. ఉన్నట్టుండి పకపకా నవ్వాడు. తన నోటి మాటతోనే బేతన్న తనను ఓడించాడని మెచ్చుకుని, బహుమానంగా వెండి పల్లకి ఇవ్వబోయాడు. పల్లకి ఎక్కితే నడిచేదెవరని బేతన్న అది వద్దన్నాడు. దానికి బదులు రాజబాట గోడలకు వాకిళ్ళు తెరిపించి, చెట్లు నాటించి, కోట గోడ పొడుగునా ఒక అరుగు కట్టించమని కోరాడు.

అన్నీ జరిగాయి. కోట అరుగు పూర్తయిన సాయంత్రం రాజుగారు దాని నడుమ దర్జాగా కూర్చున్నాడు. జనం దూరంగా చేతులు కట్టుకుని నిలబడ్డారు. అంతలో అచ్చమ్మ మజ్జిగ కుండతో వచ్చి, రాజును ఎగాదిగా చూసి, "కాస్త జరుగు నాయనా, కాళ్ళు లాగుతున్నాయి" అంది.

భటుల చేతులు కత్తుల మీదికి పోయాయి. ఉద్దండరాయలు మాత్రం పంచె సర్దుకుని పక్కకు జరిగాడు. రాజునే జరగమని చెప్పి కూర్చోగల మనుషులున్న వీధి మాది, మరెవరిదీ కాదు.