పుట్టుమచ్చల పెట్టె

ఆ మధ్యాహ్నం భైరవ భూపతికి ఏమీ తోచలేదు. రాజులకు ఏమీ తోచకపోతే ఎవరికో ఒకరికి మూడుతుంది.

"ఈ ఏడు పరీక్ష తప్పినవాళ్లెవరో సభలో చదివిస్తే భలే కాలక్షేపం ప్రభూ!" అన్నాడు ఆస్థాన పండితుడు విరూపాక్ష శాస్త్రి.

రాజు తొడ చరిచాడు. "పిలవండి సింగన్నని! పెట్టె తెమ్మనండి!"

సింగన్న పరీక్షా మండలిలో పెట్టె కాపలాదారు. లేఖకుల పరీక్ష నాలుగుసార్లు తప్పి ఐదోసారి కూర్చోబోతే, "నువ్వు రాయకు నాయనా, రాసినవాళ్ల ఆకులు కాపలా కాయి" అని మండలి పెద్దలే దండం పెట్టి ఆ కొలువిచ్చారు. లేఖకుల పరీక్షైనా, సంగీత పరీక్షైనా, వచ్చిన ప్రతివారి వివరాలూ ఒక్కో తాటాకు మీద రాసి ఆ పెట్టెలో దాస్తారు. దిద్దేవాళ్లకు కూడా అంకె తప్ప పేరు తెలియదు.

పెట్టె మోసుకొస్తుంటే వంటశాల గుమ్మంలో చెంగమ్మ అడ్డం పడింది. అంట్లు తోముతూనే అక్షరాలు నేర్చుకుని, గుట్టుగా పరీక్ష రాసిన మనిషి. మూడంటే మూడు మార్కుల తేడాతో తప్పింది.

"అన్నా, నా పేరు చదివావో, వంటశాల పెద్ద ఈపూటే గెంటేస్తాడు. గంటం పట్టేదానికి గరిటెందుకే అంటాడు. ఎవరికీ చెప్పనన్నావనేగా నా వివరాలు రాయించాను!"

"చెప్పనన్నాను. చెప్పను."

"రాజుగారు అడిగితే?"

"అదే ఆలోచిస్తున్నానమ్మా. నా బుర్ర సంగతి తెలుసుగా, కాస్త నిదానం మనిషి."

సభలో పెట్టె దించి సింగన్న చేతులు కట్టుకున్నాడు. "ప్రభూ, ఇవి మండలిని నమ్మి చెప్పుకున్న సంగతులు. పరీక్షకు తప్ప ఇంకెందుకూ వాడమని మాటిచ్చాం."

"రాజాజ్ఞ ముందు నీ మాటెంతరా?" అన్నాడు శాస్త్రి.

"పేర్లు మటుకు చదివితే చాలా, శాస్త్రిగారూ?"

"అక్షరం వదలకూడదు! ఈ ఏటివే ఏం ఖర్మ, అడుగునుంచి చదువు. నెగ్గిన మావంటివాళ్ల ఘనత కూడా జనం వినాలి."

"అంతే, అక్షరం వదలకు" అన్నాడు రాజు.

సింగన్న అడుగునుంచి కట్ట తీశాడు.

"ఆకుకు నాలుగు సంగతులు ప్రభూ. పేరు, వయసు, ఎన్నిసార్లు తప్పారు, రెండు పుట్టుమచ్చలు. వెనకెప్పుడో తమ్ముడి బదులు అన్న కూర్చుని రాశాడట. అప్పట్నుంచీ మచ్చ ఎక్కడుంటే అక్కడ, దాపరికం లేకుండా రాయిస్తున్నారు."

సభలో సగంమంది ఒకప్పుడు పరీక్ష రాసినవాళ్లే. పంచెలు సర్దుకుంటున్న చప్పుడు స్పష్టంగా వినబడింది.

"మొదటిది శాస్త్రిగారిదే. ఎన్నిసార్లు తప్పారంటే..."

శాస్త్రికి ఉన్నట్టుండి దగ్గు తెర కమ్ముకుంది. "నాది... నాది వదిలేయ్! తరవాతది చూడు!"

"అక్షరం వదలొద్దని తమరేగా..."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. "పోనీలే పాపం, తరవాతది చదువు!"

సింగన్న రెండో ఆకు తీసి కళ్లకద్దుకున్నాడు. "ఇది పదేళ్ల కిందట సంగీత పరీక్షలో మొదటి స్థానం వచ్చినవారిది."

సభంతా రాణి మేలాంబ వైపు తిరిగింది. ఆ పరీక్షలో గెలిచినందుకు రాజుగారు స్వయంగా వీణ బహూకరించి, నెల తిరక్కుండా ఆవిడను మనువాడిన సంగతి ఊరంతా ఎరిగిందే. రాజు నవ్వు సగంలో ఆగిపోయింది.

"మొదటి పుట్టుమచ్చ..." అని ఆగి, సింగన్న ఎంతో వినయంగా అడిగాడు:

"ప్రభూ, గొంతు పెంచమంటారా? వెనక నిలబడ్డ గుర్రాలవాళ్లకు కూడా వినబడాలి కదా!"

"మూయ్!" రాజు సింహాసనం మీంచి ఎగిరి లేచాడు. "నోరూ మూయ్, పెట్టే మూయ్! ఇకమీదట నేనడిగినా సరే, తెరిచావో తల తీయిస్తాను!"

ముందు రాణి నవ్వింది. ఆ తరవాత సభ ఆగలేదు. చివరికి రాజుకూ నవ్వక తప్పలేదు.

"ఏం కావాలో కోరుకోరా, దొంగ వెధవా!"

"వచ్చే ఏడు పరీక్ష రోజున కోటలో పనివాళ్లందరికీ సెలవు ఇప్పించండి ప్రభూ. ఎక్కడికి వెళ్తున్నారని ఎవరూ అడక్కూడదు."

"ఇచ్చాం!" అన్నాడు రాజు.

రాణి నవ్వుతూనే చేతి కంకణం తీసి సింగన్న దోసిట్లో వేసింది.