పెడమొగం ఏటితల్లి

చిత్తేటివలస దాటి ఏటి వెంట కిందికి నడిస్తే, జమ్ముగడ్డి దట్టంగా పెరిగిన మడుల పక్కన ఏటితల్లి గుడి కనిపిస్తుంది. గుమ్మం ఊరివైపే ఉన్నా అమ్మవారి ముఖం మాత్రం పక్కకు, ఏరు పారే దిక్కుకు తిరిగి ఉంటుంది. శిల్పి పొరపాటని కొందరు భక్తులు అనుకుంటారు. పొరపాటు శిల్పిది కాదు, ఊరిది.

పూర్వం ఇక్కడ అమ్మవారు ఊరికి ఎదురుగానే కొలువై ఉండేది. ఊరి ఇళ్ల మురుగు, పశువుల శాలలు కడిగిన నీళ్లు, నార కోసం గోగుకట్టలు ఊరవేసిన కుళ్లు అన్నీ చిత్తేటిలోకే పోయేవి. దిగువన ఉన్న జాలరిపేట వాళ్లు ఆ నీళ్లే తాగేవారు. చేపలు తేలి చచ్చాయి. పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. పేటలో అసిరమ్మ అనే ముసలామె ఊరిపెద్ద సింహాద్రినాయుడి గడపకు ఎన్నోసార్లు వెళ్లి మొరపెట్టుకుంది. పారే నీటికి మైల ఉండదని చెప్పి ఆయన పంపేసేవాడు. అలా చెప్పిన నాయుడింట్లో తాగేవి మాత్రం ఊరికి ఎగువన ముంచి తెచ్చిన నీళ్లు.

ఆ వేసవిలో అసిరమ్మ మనవరాలు చనిపోయింది.

జాతరనాడు అమ్మవారి స్నానానికి ఎగువ నీళ్లు సిద్ధంగా ఉండగా, అసిరమ్మ తన పేట రేవులో ముంచిన కడవతో గుళ్లోకి వచ్చింది. ఆ వాసనకు జనం ముక్కులు మూసుకున్నారు. ఆమెను బయటికి పంపమని నాయుడు అన్నాడు.

అసిరమ్మ కడవ దించలేదు. "పారే నీటికి మైల లేదన్నావు కదా బాబూ. మా పిల్లలు తాగినవివే. తల్లికీ ఇవే పొయ్యండి" అంది.

పూజారి తవిటయ్య ఆ కడవ అందుకోలేకపోయాడు. ఎగువ నీళ్లు పోయడానికీ అతనికి చేతులు రాలేదు. స్నానం లేకుండానే తలుపు మూశాడు. మర్నాడు తెరిచేసరికి అమ్మవారు ముఖం తిప్పుకుని జాలరిపేట వైపు చూస్తోంది.

అప్పటికి గాని నాయుడికి భయం పుట్టలేదు. ఒక బిడ్డ పోయినప్పుడు కదలని మనిషి, రాయి కదిలితే వణికాడు. ఆ వారంలోనే తల్లి అతని కలలోకి వచ్చి ఇలా ఆజ్ఞాపించిందట: "మీ మురుగును ముందు గుంటలో నిలిపి తేర్చండి. కంకర, ఇసుక పరిచిన మడుల్లో జమ్ము నాటి దాని వేళ్ల మీదుగా పారించండి. ఆ మురుగు మీరు తాగే నీటిని ముట్టకూడదు, తేరకుండా నా ఏటిలో కలవకూడదు."

నాయుడు ఏటి గట్టున తన పొలాన్నే ఇచ్చాడు. ఊరంతా దిగి మడులు తవ్వింది. మెల్లగా ఏరు తేరుకుంది. చేపలు మళ్లీ గుడ్లు పెట్టాయి, పేటలో జబ్బులు తగ్గాయి. పనంతా అయ్యాక అమ్మవారు ఇటు తిరుగుతుందని నాయుడు రోజూ వచ్చి చూసేవాడు. తిరగలేదు. తల్లికి కోపం ఎందుకు తగ్గలేదని చివరికి అసిరమ్మనే అడిగాడు.

"మా పిల్ల తిరిగొచ్చిందా బాబూ?" అందామె.

నాటి నుంచి జాతరకు ముందు ఊళ్లో ఇంటికొకరు వచ్చి గుంటల్లో పూడిక తీస్తారు, ముదిరిన జమ్ము కోస్తారు. అమ్మవారి స్నానానికి జాలరిపేట రేవు నీళ్లే వాడతారు. వాటిని కాచి చల్లార్చి, ఊరిపెద్ద అందరి ఎదుటా ఒక గ్లాసు తాగాకే పూజ మొదలవుతుంది. ఈమధ్య ఒక కల్యాణమండపం యజమాని తన మురుగు గొట్టాన్ని గుట్టుగా ఏటిలోకి కలిపి, అమ్మవారికి వెండి కిరీటం మొక్కుకున్నాడు. గుడివారు కిరీటాన్ని గుమ్మం దాటనివ్వలేదు. ఆ గొట్టం పీకేదాకా జాతరే జరగలేదు.

ఈ తల్లిని కొలిచిన ఇళ్లలో పసిపిల్లలు చల్లగా ఉంటారని, వలలు నిండుతాయని నమ్మకం. భక్తులు కొబ్బరికాయ తేకపోయినా తల్లి ఏమీ అనుకోదు. మీ ఇంటి మురుగు ఎవరి రేవులో కలుస్తోందో మాత్రం తెలుసుకుని రండి.