మలుపమ్మ తల్లికి ఆకుపచ్చ కోక

నల్లమల అంచున, కొండను తొలిచి వేసిన రైలుదారి మెలి తిరిగే చోట శ్రీ మలుపమ్మ తల్లి కొలువై ఉన్నది. ప్లాట్‌ఫారం పొట్టిది. టికెట్లు వేపచెట్టు నీడన ఇస్తారు. అయినా ఈ దారిన పోయే ప్రతి ప్యాసింజరు బండీ ఇక్కడ ఆగి, తల్లికి ఒక కూత వేసి మరీ కదులుతుంది. గ్రామదేవతలకు ఎర్రకోక కట్టడం అంతటా ఆచారం. ఈ తల్లి మాత్రం ఆకుపచ్చ కోకలో దర్శనమిస్తుంది. అదేం చోద్యమని అడిగే భక్తుల కోసమే ఈ కథ.

పూర్వం ఇక్కడ స్టేషను లేదు. పొగబండ్ల కాలమది. తల్లి శిల పట్టాల పక్కనే ఉండేది. గొర్రెలు కాచే ఓబుళమ్మ ఆ శిలకు రోజూ దీపం పెట్టేది. ఎర్రగుడ్డ ఎదురైతే బండి ఆపి తీరాలన్నది రైలువారి నియమం. ఎవరైనా మొక్కు తీర్చి శిలకు కొత్త ఎర్రకోక చుడితే, మలుపు తిరిగిన డ్రైవరు గుండె గుభేలుమని బండి నిలిపేసేవాడు. కోక ఎండకు వెలిసేదాకా ఇదే తంతు. ఊరివాళ్లు ఈ కిటుకు ఇట్టే పట్టేశారు. పట్నంలో పనిపడిన ప్రతివాడికీ భక్తి పుట్టుకొచ్చింది. తల్లికి కోకలే కోకలు, ఊరికి ప్రయాణాలే ప్రయాణాలు.

చివరికి రైలు ఇంజనీరు వచ్చి, ఇంకొక్కసారి ఎర్రకోక వల్ల బండి ఆగితే శిలను పెకలించి కొండ అవతల పెట్టిస్తానని ఖరాఖండిగా చెప్పిపోయాడు. ఓబుళమ్మకు ముద్ద దిగలేదు. తాతముత్తాతలు కొలిచిన అమ్మవారిని తన కళ్లముందే కదిలిస్తారా అని కుమిలిపోయింది. ఆ మధ్యాహ్నం కునుకులో తల్లి కనిపించి, “నాకు రంగుతో ఏం పనే? బండికి దారిచ్చే రంగే కట్టు. ఈడనే ఉంటా” అన్నది. ఊరు గొణిగినా వినక ఓబుళమ్మ ఆకుపచ్చ కోక కట్టింది. నాటి నుంచి బండ్లు ఆగలేదు. దావీదనే డ్రైవరు మాత్రం మలుపులో అమ్మవారినీ, పక్కన నిలబడి దండం పెట్టే ఓబుళమ్మనూ చూసి, రోజూ మురిపెంగా ఒక కూత వేసి పోయేవాడు.

వానలు ముదిరిన రోజుల్లో ఓబుళమ్మ కూతురు గురవమ్మకు నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. వాగు పొంగి ఎడ్లబాట తెగిపోయింది. పట్నం ఆసుపత్రికి రైలొక్కటే దిక్కు. గురవమ్మను మంచంతో సహా శిల దగ్గరకు మోసుకొచ్చారు. ఓబుళమ్మ చేతిలో ఎర్రకోక ఉంది. అది కడితే కూతురు దక్కుతుంది, అమ్మవారు ఈ చోటు విడిచిపోవాలి.

ఆమె ఎక్కువసేపు ఆలోచించలేదు. “నువ్వు యాడున్నా మాకందరికీ తల్లివే. ఈ పిల్లకు నేనొక్కదాన్నే తల్లిని. మన్నించు” అని ఏడుస్తూ ఆకుపచ్చ కోక ముడి మీద చెయ్యి వేసింది.

ముడి ఊడకముందే, మలుపు తిరిగిన బండి వేగం తగ్గింది. బుసలు కొడుతూ వచ్చి మంచం ఎదుటే నిలిచింది. దావీదు గబగబా దిగాడు.

“ఎర్రకోక కట్టనే లేదు కదా నాయనా, ఎట్ల నిలిపితివి?” అన్నది ఓబుళమ్మ.

“రోజూ చూసే చోటే కదమ్మా. ఈ పొద్దు నీ పక్కన మంచం కనబడె. ముందు పిల్లను ఎక్కించండి” అన్నాడు దావీదు.

గురవమ్మను చూడగానే పెట్టెలోనివారు ఎవరూ చెప్పకుండానే బెంచీ ఖాళీ చేసి, పట్నందాకా నిలబడే వెళ్లారు. తల్లీబిడ్డలు క్షేమంగా బయటపడ్డారు. సంజాయిషీ అడిగిన అధికారులతో దావీదు, “అమ్మవారు దారిచ్చింది. బండి ఆపింది నేను” అన్నాడట. శిల జోలికి ఎవరూ రాలేదు. ఏడు తిరక్కుండానే అక్కడ హాల్టు వెలిసింది.

నేటికీ ఇక్కడి మొక్కు తీరేది గుడిలో కాదు, బండిలో. నిండుచూలాలు ఎక్కితే కూర్చున్నవారు లేచి చోటివ్వాలి. అలా లేచినవారి ఇంట పురుళ్లు సుఖంగా జరుగుతాయని, దూరం పోయినవారు క్షేమంగా ఇల్లు చేరతారని భక్తుల నమ్మకం. కనుక దర్శనమయ్యాక తిరుగుబండిలో మీకు కిటికీ పక్క సీటు దొరికినా సరే, తలుపు వైపు ఒక కన్ను వేసి ఉంచండి.