బెల్టు సాగిన టేప్‌రికార్డర్

తన చేత గిటారు పట్టించిన ఆల్బమే ఇప్పుడు తనకి నచ్చడం లేదని వైజయంతి ఇంతవరకూ ఎవరి దగ్గరా పైకి అనలేదు. ఆ మధ్యాహ్నం వాల్తేరు రైల్వే కాలనీలో, ఆల్ఫ్రెడ్ మాస్టారి వరండాలో, అనేసింది.

"ఆ ఇంగ్లీషు బ్యాండు మొదటి రికార్డు మాస్టారూ. స్టేడియాల్లో వాయించేంత పేరు రాకముందు, ఇంకా బ్లూస్ సంగీతం మత్తులో ఉన్నప్పటిది. అది విని విని, ఎవరూ నేర్పకుండానే వాయించాను. ఇప్పుడు ఒక్క స్వరం తప్పు పోదు. ప్రాణం మాత్రం లేదు. గిటారు అమ్మేస్తాను."

"అమ్మేద్దువుగాని, ముందు టీ తాగు," అన్నారాయన. "నీతో పాడే పిల్ల షమీమ్ ఏదీ, కనబడదేం?"

వైజయంతి గ్లాసులోకి చూసింది.

"మానేసింది. మా టేప్‌రికార్డర్‌లో టేపు తిప్పే రబ్బరు బెల్టు సాగిపోయి, పాట నెమ్మదిగా, కింది శ్రుతిలో పలికేది. మాకేం తెలుసు? అదే అసలనుకుని నేను తీగలు వదులు చేసుకున్నాను. షమీమ్ కూడా ఆ శ్రుతిలోనే పాడింది. మీ దగ్గర రికార్డు విన్నాక తెలిసింది, అంతా తప్పేనని. పై శ్రుతిలో పాడమన్నాను. దాని గొంతు అందలేదు. 'నీకు పాట కావాలా, నేను కావాలా?' అంది."

"నువ్వేమన్నావ్?"

"రికార్డులో ఎలా ఉందో అలాగే పాడాలన్నాను."

మాస్టారు లోపలికి వెళ్లి ఆ రికార్డే పెట్టారు. సూది గరగరలాడింది. పాట చురుగ్గా, శుభ్రంగా మొదలైంది. ఎవరిదో పాటలా ఉంది.

ఆయన వంగి, తిరుగుతున్న రికార్డు అంచు మీద తేలిగ్గా వేలు ఆన్చారు.

రికార్డు నెమ్మదించి, గిటారు బరువెక్కింది. గొంతు కిందికి జారింది. వెనకే వచ్చిన వైజయంతి గడపలోనే ఆగిపోయింది. కళ్ల ముందు షమీమ్ వాళ్ల మేడ, ఆరేసిన దుప్పట్ల నీడ, కాలే గచ్చు. కళ్లు మూసుకుని షమీమ్ పాట. అందులో సగం మాటలు ఇంగ్లీషే కావు, దాని సొంత తయారీ.

"ఇదే! మాస్టారూ, ఇదే!"

"తప్పు కదమ్మా?" అన్నారాయన, వేలు తీయకుండా.

ఆమె సంచిలో ఫోన్ కోసం వెతుక్కుంది.

"వేలు తియ్యకండి మాస్టారూ. షమీమ్‌కి ఫోన్ చేస్తాను."