పక్క సన్నాయి

కోటిలింగం సన్నాయి వాయించిన మొదటి క్యాసెట్టులో ఒక తప్పుంది. ఆ తప్పు అతనికి తప్ప ఎవరికీ వినపడదు.

అది తోడి రాగం ఆలాపన. రాగం మెల్లగా ఎక్కుతూ పోయి పైషడ్జమం మీద నిలుస్తుంది. ఆ స్వరం నిలిచి ఉండగానే, ఇంకా పూర్తికాకముందే, పక్కనుంచి రెండో సన్నాయి వచ్చి దాన్ని అందుకుంటుంది. ఆ రెండో సన్నాయి తమ్ముడు పేరయ్యది.

పల్నాడులోనూ ఒంగోలు వైపూ ఏ ఇంట పెళ్లి జరిగినా మైకుసెట్టువాళ్లు పొద్దున్నే ఆ క్యాసెట్టు వేసేవాళ్లు. ఆ చోటు వచ్చేసరికి పిండి రుబ్బుతున్న ఆడవాళ్లు కూడా చెయ్యి ఆపి వినేవాళ్లు. కోటిలింగం మాత్రం లేచి బయటికి పోయేవాడు.

“నా షడ్జమాన్ని మధ్యలో తుంచేశాడు,” అనేవాడు మేళంలో వాళ్లతో.

ఆ రికార్డింగు మద్రాసులో జరిగింది. అందరికీ కలిపి ఒకటే గది, ఒకటే మైకు. వాయించింది వాయించినట్టే టేపు మీద పడిపోయింది. మళ్లీ ఒకసారి వాయిస్తానంటే టైము లేదన్నారు. తిరుగు రైల్లో కోటిలింగం తమ్ముణ్ణి నిలదీశాడు, అంత తొందరెందుకు పడ్డావని. పేరయ్య “అన్నా, నీకు...” అని ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, “తప్పయింది,” అన్నాడు.

ఊరికి వచ్చాక కోటిలింగం పక్క సన్నాయికి వేరే మనిషిని పెట్టుకున్నాడు.

అన్న పక్కన లేని పేరయ్యను ఎవరూ పిలవలేదు. రెండో సన్నాయి వాయించేవాడు మొదటి సన్నాయి ఉంటేనే సన్నాయివాడు. కొన్నాళ్లు ఇంట్లో కూర్చుని, చివరికి రాతి పలకలు కోసి నునుపు చేసే షెడ్డులో పనికి కుదిరాడు. సాయంత్రం ఇంటికొస్తే కనుబొమ్మల దాకా తెల్లటి పొడి. పెళ్లాం రత్తమ్మ గుమ్మం బయటే నిలబెట్టి తుడిచేది. పైపైనది పోయేది. లోపలికి పోయింది అక్కడే ఉండిపోయింది.

దగ్గు మొదలైన కొన్నేళ్లకు పేరయ్య పడుకోలేకపోయాడు. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడదు. మంచం మీద కూర్చుని, ఒళ్లో దిండ్లు పెట్టుకుని, వాటిమీదికి వంగి నిద్రపోయేవాడు. కోటిలింగం ఒకసారి బత్తాయిలు తీసుకుని ఆస్పత్రికి వెళ్లాడు. పేరయ్య ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య ఊపిరి కోసం ఆగుతున్నాడు. పిల్లలు బాగున్నారా అని అడగడానికే చాలాసేపు పట్టింది. అది చూడలేక కోటిలింగం త్వరగా లేచి వచ్చేశాడు.

తమ్ముడు పోయిన రోజు కోటిలింగం ఒంగోలులో పెళ్లి మేళంలో ఉన్నాడు. కబురు అందింది. మధ్యలో లేచి వస్తే పెళ్లివారికి అశుభమని తాళి కట్టేదాకా వాయించి, అప్పుడు బయలుదేరాడు. వచ్చేసరికి మట్టి చేసేశారు. అన్న నిలబడాల్సిన చోట, ఇద్దరికీ సన్నాయి నేర్పిన గురువు దస్తగిరి సాహెబు నిలబడ్డారని రత్తమ్మ చెప్పింది.

ఆ తర్వాత హైదరాబాదు కంపెనీ ఒకటి కోటిలింగాన్ని వెతుక్కుంటూ వచ్చింది. పాత క్యాసెట్టును ఇప్పటి సాంకేతికతతో, అవే రాగాలతో, అదే వరసలో మళ్లీ రికార్డు చేద్దామన్నారు. కోటిలింగం వెంటనే ఒప్పుకున్నాడు. ఒక్క షరతు పెట్టాడు. కొత్తది వచ్చాక పాతది ఎక్కడా వినపడకూడదు. వాళ్లు సరేనన్నారు.

స్టూడియో చూసి కోటిలింగం ఆశ్చర్యపోయాడు. డోలు వేరే రోజు వాయించవచ్చు, శ్రుతి వేరే రోజు. అందరూ ఒకచోట కూర్చోవాల్సిన పనే లేదు. పక్క సన్నాయికి ఎవరిని పిలుద్దామని అడిగితే, ఎవరూ వద్దు, అదీ నేనే వాయిస్తానన్నాడు. ముందు తన భాగం వాయించాడు. తర్వాత చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, తన సన్నాయిని తనే వింటూ, తమ్ముడి భాగం వాయించాడు.

పైషడ్జమం దగ్గర మాత్రం ఊపిరి సరిపోలేదు. వయసైంది. ఎన్నిసార్లు వాయించినా స్వరం చివర్లో సన్నబడుతోంది. కంప్యూటరు ముందున్న ఇంజనీరు ఫర్వాలేదన్నాడు. స్వరంలో బాగున్న ముక్కను తీసుకుని, పక్కన ఇంకో ముక్క అతికించి, సాగదీశాడు. ఎంతసేపు నిలపమంటారని అడిగాడు.

కోటిలింగం తనకు తృప్తి కలిగేదాకా నిలిపించాడు.

ఆల్బం విడుదలైంది. ఫోన్లలో పాటలు వినేచోట కంపెనీవాళ్లు పాతది తీసేసి కొత్తది పెట్టారు. మెచ్చుకుంటూ ఫోన్లు వచ్చాయి. కోటిలింగం శాలువా, పళ్లు తీసుకుని గురువుకు వినిపించడానికి వెళ్లాడు.

దస్తగిరి సాహెబు ఉండేది అద్దంకి దగ్గర పల్లెలో. పళ్లన్నీ ఊడిపోయి సన్నాయి పీక నోట్లో నిలవక ఆయన వాయించడం ఎప్పుడో వదిలేశారు. నవారు మంచం మీద కూర్చుని ఉన్నారు. కోటిలింగం కాళ్లకు దణ్ణం పెట్టి, ఫోనుకు చిన్న స్పీకరు తగిలించి, పాట పెట్టాడు. స్టూడియో సంగతులన్నీ చెప్పుకొచ్చాడు. పాతది ఇక దొరకదని కూడా చెప్పాడు.

సాహెబు కళ్లు మూసుకుని విన్నారు. రాగం ఎక్కుతుంటే ఆయన గడ్డం కూడా కొద్దిగా పైకి లేస్తూ వచ్చింది. పైషడ్జమం వచ్చింది. ఆయన అలవాటు కొద్దీ దానితోపాటు ఊపిరి బిగబట్టారు. స్వరం నిలిచింది. వణకలేదు. ఇంకా నిలిచింది. సాహెబు మెడ నరాలు బిగుసుకున్నాయి. మంచం పట్టె పట్టుకున్నారు. స్వరం ఇంకా అలాగే ఉంది. ఇక ఆపుకోలేక పెద్దగా ఊపిరి పీల్చి, దగ్గులో పడిపోయారు.

కోటిలింగం కంగారుగా మంచినీళ్లు అందించాడు.

దగ్గు తగ్గాక ఆయన అడిగారు. “పక్కన ఎవరు?”

“అదీ నేనేనండి.”

సాహెబు స్పీకరు ఆపమని సైగ చేశారు. తర్వాత సన్నాయి తెచ్చావా అని అడిగారు. కార్లో ఉందన్నాడు కోటిలింగం. తెచ్చి వాయించమన్నారు.

కోటిలింగం చాప మీద కూర్చుని పీక తడుపుకున్నాడు. సాహెబు గోడ పట్టుకుని మంచం దిగారు. ఎదురుగా కూర్చోలేదు. వచ్చి కోటిలింగం పక్కన, కొంచెం వెనక్కి, చాప మీదే కూర్చున్నారు. గురువు తన పక్కన అలా కూర్చోవడం కోటిలింగానికి ఇబ్బందిగా అనిపించింది. వద్దని చెప్పబోతే ఆయన చెయ్యి ఊపారు.

తోడి ఎత్తుకున్నాడు. గురువు ముందు వాయిస్తున్నానన్న భయంతో ఒళ్లు దగ్గర పెట్టుకుని వాయించాడు. పైషడ్జమం చేరాడు. స్వరం నిండుగా నిలిచింది. ఇంకాసేపు నిలుపుదామనుకుంటూ ఉండగానే, పక్కనుంచి వణికే ముసలి గొంతు ఒకటి మెల్లగా వచ్చి ఆ స్వరం కింద చేరింది. సాహెబు పాడుతున్నారు.

కోటిలింగం చటుక్కున పీక నోట్లోంచి తీశాడు.

“గురువుగారూ, నా స్వరం ఇంకా అయిపోలేదు. ముందే అందుకున్నారు.”

“నీ బుగ్గ జారింది,” అన్నారు సాహెబు.

“స్వరం నిలిచే ఉందిగదండీ.”

“ఊపిరి అయిపోతోందని స్వరానికి ఇంకా తెలియలేదు. బుగ్గకు ముందు తెలుస్తుంది.”

కోటిలింగం సన్నాయిని ఒళ్లో పెట్టుకున్నాడు.

“పక్కన కూర్చునేవాడికి నేను వేళ్లకంటే ముందు చూపు నేర్పుతాను,” అన్నారు సాహెబు. “నీకు నేర్పలేదు. నువ్వు పక్కన కూర్చునేవాడివి కావు.”

బయట ఎవరో మేకల్ని తోలుకుపోతున్నారు. ఆ చప్పుడు మెల్లగా దూరమైంది.

“ఆ రోజు మద్రాసులో...” అని కోటిలింగం మొదలుపెట్టాడు.

పేరయ్య మద్రాసు నుంచి వచ్చిన మర్నాడే తన దగ్గరికి వచ్చాడని సాహెబు చెప్పారు. ఈ చాప మీదే కూర్చుని జరిగింది చెప్పాడట. ఇది అన్నకు ఎప్పటికీ తెలియనివ్వవద్దని మాట తీసుకున్నాడట.

“ఎందుకండీ?” అన్నాడు కోటిలింగం.

“తెలిస్తే భయపడతావని. మళ్లీ ఆ పైకి ఎక్కవని.”

కోటిలింగం తల దించుకున్నాడు. “మీరైనా చెప్పకపోయారా,” అన్నాడు. గొంతులో నిష్ఠూరం ఉంది. అది ఎవరిమీదో అతనికే తెలియలేదు.

“మాట ఇచ్చాను.” సాహెబు తన రెండు చేతులూ చూసుకున్నారు. “వాడు షెడ్డులో చేరినప్పుడు చెప్పాల్సింది. ఆస్పత్రిలో ఉన్నప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు. వాడు పోయాక ఇంక ఎందుకనుకున్నాను. ఇప్పుడు నువ్వు వాడి చోట్లో కూడా కూర్చున్నావు.”

కోటిలింగం జేబులోంచి ఫోను తీశాడు. ఇప్పుడే కంపెనీవాళ్లతో మాట్లాడతానని, కొత్తది తీసేసి పాతది మళ్లీ పెట్టమని కాళ్లు పట్టుకునైనా అడుగుతానని గబగబా అన్నాడు. రత్తమ్మ దగ్గరికి కూడా వెళతానన్నాడు.

“అడుగు,” అన్నారు సాహెబు. “జనం వింటారు. వాడు వినడు.”

కోటిలింగం ఫోను చాప మీద పెట్టేశాడు.

సాహెబు గోడ ఆసరాతో లేచి తిరిగి మంచం మీదికి చేరారు. ఊపిరి సర్దుకోవడానికి ఆయనకు కొంత సమయం పట్టింది. కోటిలింగం ఏం చెయ్యాలో తెలియనివాడిలా చాప మీదే ఉన్నాడు. ముఖం తడిగా ఉంది. తుడుచుకోలేదు.

“వాయించు,” అన్నారు సాహెబు.

“నావల్ల కాదండీ.”

ఆయన ఇంకోసారి చెప్పలేదు. చూస్తూ కూర్చున్నారు.

కోటిలింగం సన్నాయి ఎత్తాడు. పెదాలు వణుకుతుంటే పీక సరిగా నిలవలేదు. మొదటి స్వరాలు బొంగురుగా వచ్చాయి. అయినా ఆపలేదు. ఒక్కొక్క స్వరం పట్టుకుని ఎక్కాడు. పైషడ్జమం చేరాడు. ఈసారి తన బుగ్గ జారడం తనకే తెలిసింది. స్వరం ఇంకా నిలిచే ఉంది. అతను కళ్లు పక్కకు తిప్పాడు.

అక్కడ ఎవరూ లేరు. మంచం వైపు చూశాడు. సాహెబు నోరు విప్పలేదు.

స్వరం సన్నబడింది. గాలి మిగిలింది. తర్వాత గాలి కూడా లేదు.